కొత్తగా కుక్కపిల్లో పిల్లిపిల్లో ఇంటికొస్తే: టీకా, కాటు, చట్టం చుట్టూ ఉన్న అయోమయం

2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు వరుసగా ఆదేశాలిచ్చిన తర్వాత విజయవాడ, గుంటూరుల్లో కుక్కను పెంచుతున్న ఇళ్లలో కొత్త టెన్షన్ మొదలైంది. మన కుక్కను కూడా పట్టుకుపోతారా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు వద్దంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనా? టీకా వేయించిన పిల్ల ఆటలో పన్ను దించినా మనం ఆస్పత్రికి వెళ్లాలా? కొత్తగా పిల్లను తెచ్చుకున్నవాళ్లకైతే ఇవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. వీటిలో సగానికి పైగా ప్రశ్నలకు జవాబు ఒకే చోట మొదలవుతుంది. ఆ పిల్ల వయసు ఎన్ని వారాలు? ఈ లెక్క ఇంటికి తెచ్చిన రోజు నుంచి వేస్తే తప్పుతుంది, పుట్టిన తేదీ నుంచి వేయాలి.

అమ్మేవాళ్లు చెప్పే వయసు, పళ్లు చెప్పే వయసు

మన దగ్గర కుక్కపిల్లలు చాలావరకు నెల, నెలన్నర వయసులోనే చేతులు మారుతుంటాయి. ఉన్ని బంతిలా ఉన్నప్పుడే కొనేవాళ్లకు ముద్దొస్తుంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు మాత్రం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. ఆ ఎనిమిది వారాల్లో పిల్ల తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గర ఒక ముఖ్యమైన పాఠం నేర్చుకుంటుంది. ఆటలో గట్టిగా కొరికితే ఎదుటి పిల్ల కీచుమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో దానికి అలా తెలుస్తుంది. నెల రోజులకే విడదీసిన పిల్లకు ఆ కొలత అందదు. ఆ తర్వాత అది కొరికేది మన పిల్లల చేతుల్నే.

"రెండు నెలల పిల్లండీ" అని చెప్పినప్పుడు నోరు తెరిచి చూస్తే కొంత తెలుస్తుంది. కుక్కపిల్లకు పాలపళ్లు మూడో వారం దాటాక మొదలై, దాదాపు ఎనిమిదో వారానికి మొత్తం 28 వస్తాయి. ముందు పళ్లు, కోరలు ఉండి, బుగ్గల వైపు చిగురు ఇంకా నున్నగా ఉంటే ఆ పిల్లకు రెండు నెలలు నిండకపోయి ఉండొచ్చు. పక్కా తేదీ పళ్లు చెప్పలేవు. నెల పిల్లకూ రెండు నెలల పిల్లకూ తేడా మాత్రం చెబుతాయి.

టీకా పుస్తకాన్ని కూడా ఇంతే దగ్గరగా చూడాలి. డాక్టర్ టీకా వేసినప్పుడు ఆ సీసా మీది చిన్న స్టిక్కర్ ఊడదీసి పేజీలో అంటిస్తారు. దాని మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన సంతకం, ముద్ర పడతాయి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో "ఫస్ట్ డోస్ అయింది" అని రాసి ఉంటే అది టీకా పడినట్టు రుజువు కాదు. పైగా ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. మే నెల బెజవాడ ఎండలో మామూలు సంచిలో తిరిగిన సీసాలో మందు ఉన్నా పని ఉండదు.

ఒకే టీకా మూడు నాలుగు సార్లు ఎందుకు?

కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. రెండు డోసులు పడ్డాయి, పిల్ల హుషారుగా ఉంది, ఇంకెందుకులే అని ఆపేస్తారు. మూడో డోసూ నాలుగో డోసూ డాక్టర్ ఫీజు కోసమేనని అనుమానపడేవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి ముర్రుపాలలో ఉంది.

పుట్టిన మొదటి రోజున తాగిన ముర్రుపాల ద్వారా తల్లి ఒంట్లోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పిల్లకు చేరతాయి. పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణాంతక వైరస్ జబ్బుల నుంచి మొదటి వారాల్లో కాపాడేవి అవే. రోజులు గడిచేకొద్దీ అవి తరుగుతాయి. సుమారు పది రోజులకోసారి సగానికి పడిపోతాయని చెప్పొచ్చు. పార్వో, డిస్టెంపర్ టీకాల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఒంట్లో ఇంకా ఉంటే అసలు వైరస్‌ను అడ్డుకున్నట్టే ఈ టీకానూ అడ్డుకుంటాయి. అప్పుడు వేసిన సూది వృథా.

అర్థం కావడానికి ఊహ అంకెలతో ఒక లెక్క వేద్దాం. జబ్బు రాకుండా ఉండాలంటే ప్రతిరక్షకాలు కనీసం 20 పాళ్లు ఉండాలనుకుందాం. టీకా పని చేయాలంటే అవి 5 పాళ్లకు దిగాలనుకుందాం. టీకాలన్నీ సరిగా పడ్డ తల్లికి పుట్టిన పిల్ల 160 పాళ్లతో మొదలైంది. పదో రోజుకు 80, ఇరవయ్యో రోజుకు 40, ముప్పయ్యో రోజుకు 20, నలభయ్యో రోజుకు 10, యాభయ్యో రోజుకు 5. ముప్పై నుంచి యాభై మధ్య ఆ పిల్లకు తల్లి రక్షణ చాలదు, టీకా పడినా పట్టదు. 42వ రోజున, అంటే ఆరు వారాలకు టీకా వేస్తే ఒంట్లో ఇంకా 9 పాళ్ల దాకా ఉన్నాయి కాబట్టి అది పనిచేయదు. ఎప్పుడూ టీకా పడని తల్లికి పుట్టిన ఇంకో పిల్ల 40 పాళ్లతోనే మొదలైందనుకుందాం. దాని రక్షణ పదో రోజు దాటగానే చాలకుండా పోయింది, ముప్పయ్యో రోజుకే 5కు దిగింది. అదే 42వ రోజు టీకా దానికి చక్కగా పడుతుంది.

ఏ పిల్ల ఎన్ని పాళ్లతో పుట్టిందో చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, పదహారు వారాలు నిండేదాకా తీసుకెళ్తారు. కొన్ని పిల్లల్లో తల్లి ప్రతిరక్షకాలు అప్పటిదాకా మిగిలి ఉంటాయి కాబట్టి పదహారు వారాలు నిండాక పడే చివరి డోసే అన్నిటికన్నా ముఖ్యం. జనం ఎక్కువగా వదిలేసేదీ దాన్నే.

తేదీలతో చూస్తే, మార్చి 1న పుట్టిన పిల్లకు ఆరు వారాలు ఏప్రిల్ 12కు, తొమ్మిది మే 3కు, పన్నెండు మే 24కు, పదహారు జూన్ 21కు నిండుతాయి. రేబిస్ టీకా పన్నెండు వారాలు నిండాకే వేస్తారు, కాబట్టి మే 24 తర్వాత. జులై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినోత్సవం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇచ్చారు. మన పిల్లకు జులై 6 నాటికి పద్దెనిమిది వారాలు దాటతాయి. మొదటి డోసుకే ఆ రోజు దాకా ఆగితే ఆరు వారాల పాటు రక్షణ ఉండదు.

పెద్దయ్యాక ఎన్నేళ్లకోసారి అన్నదాని మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. పార్వో, డిస్టెంపర్ టీకాలు చిన్నప్పుడు సరిగా పడి, ఆపై బూస్టర్ కూడా అయితే మూడేళ్లలోపు మళ్లీ అక్కర్లేదని అంతర్జాతీయ పశువైద్య సంఘాల మార్గదర్శకాలు అంటున్నాయి. మన దగ్గర ఏటా వేసే పద్ధతే ఎక్కువ. దానికీ కారణం ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా రక్షణ ఏడాదికి మించి నిలవదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన ఊరు ఇది. రేబిస్ ఇంకా పోని దేశంలో దాని టీకాను ఏటా వేయించడంపై పెద్దగా వాదన లేదు.

బయట తిప్పాలా, ఇంట్లోనే ఉంచాలా?

చివరి డోసు పడి రెండు వారాలయ్యేదాకా రోడ్డు మీద దింపొద్దని డాక్టర్లు చెబుతారు. పార్వో సోకిన కుక్క మలం ఎండి కనిపించకుండా పోయినా వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. వాంతులు, నెత్తురు విరేచనాలతో పిల్ల రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు. మామూలు ఫినాయిల్‌కు ఈ వైరస్ లొంగదు, బ్లీచింగ్ ద్రావణానికి లొంగుతుంది. ఇంట్లో ముందు ఒక పిల్ల పార్వోతో పోయి ఉంటే కొత్త పిల్లను తేవడానికి ముందు ఇది గుర్తుండాలి.

మరోవైపు, కుక్కల ప్రవర్తన మీద పనిచేసేవాళ్లు వేరే భయం చెబుతారు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు పిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకుంటుంది. ఆ వయసులో ఆటోల హారన్, చిన్నపిల్లల కేకలు, టోపీ పెట్టుకున్న మనిషి, లిఫ్టు తలుపు చూడని కుక్క తర్వాత వాటికి బెదిరిపోతుంది. బెదిరిన కుక్కే కరుస్తుంది. మార్చి 1న పుట్టిన పిల్లకు జూన్ 7కే పద్నాలుగు వారాలు. టీకాల కోసం జులై దాకా గదిలో పెడితే ఆ కాలమంతా పోతుంది.

రెండు వాదనలూ నిజమే. వీధికుక్కలు ఇంతగా ఉన్న మన ఊళ్లలో విదేశాల్లోలా పార్కులో దింపమనడం సరికాదు. మధ్యదారి ఏమిటంటే నేల తాకకుండా లోకం చూపించడం. పిల్లను చేతుల్లో ఎత్తుకుని సాయంత్రం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడటం, స్కూటర్ శబ్దం వినిపించడం, టీకాలు పూర్తయిన తెలిసినవాళ్ల కుక్కతో ఇంట్లోనే కలవనివ్వడం లాంటివి. నాకు తెలిసి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో, ఇంత మేలు చేసే పని ఇంకోటి లేదు.

పిల్లి చిన్న కుక్క కాదు

కుక్క పెరుగన్నంతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. పిల్లి అలా బతకలేదు. దానికి టారిన్ అనే పోషకం తిండిలోనే అందాలి, అది ఎక్కువగా మాంసం, చేపల్లో ఉంటుంది. అది లేకపోతే పిల్లికి మెల్లగా చూపు, గుండె దెబ్బతింటాయి. పాలూ అన్నంతో పెరిగిన పిల్లి పైకి బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి ఈ నష్టం ఆలస్యంగా బయటపడుతుంది.

ఇంకో ప్రమాదం మన మందుల డబ్బాలో ఉంది. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ బిళ్లలో సగం వేసినా పిల్లి చనిపోవచ్చు. ఆ మందును విరిచే శక్తి దాని కాలేయానికి దాదాపు లేదు. కుక్కలకు పిడుదులు పోవడానికి వాడే పెర్‌మెత్రిన్ మందులూ పిల్లికి విషమే. తడి ఫినాయిల్ నేల మీద నడిచి కాళ్లు నాకినా దానికి హాని. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ మూత్రం రాక అవస్థ పడుతుంటే రేపు చూద్దామని ఆగే పరిస్థితి కాదు, ఆ పూటే డాక్టర్ చూడాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయమని పెద్దవాళ్లు పట్టుబట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. ఆ భయం ఊరికే పుట్టలేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావొచ్చు, అది గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. అయితే మలంలో వచ్చిన వెంటనే అది అంటుకోదు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. పిల్లి మలవిసర్జన చేసే ట్రేను రోజూ ఇంట్లో వేరేవాళ్లు శుభ్రం చేస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల నుంచి కూడా ఇదే పరాన్నజీవి వస్తుంది. ఆ సంగతి పిల్లి లేని ఇళ్లకూ వర్తిస్తుంది.

తిండి గురించి ఇంకొక్క మాట. ఉల్లి, వెల్లుల్లి రెండు జంతువులకూ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి మిగిలిన బిర్యానీ, చికెన్ కూర పెట్టడం ప్రేమ అనిపించినా మంచిది కాదు. కుక్కలకు ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ విషం. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

కృష్ణా తీరపు ఎండలో

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, నోటి తడి ఆవిరవడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ఉక్కపోత ఎక్కువైతే తడి సరిగా ఆవిరవదు. కాబట్టి ఇక్కడి రోహిణి కార్తెలో నీడలో కట్టేసినా చాలదు, గాలి ఆడాలి. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటివాటికి, మంచు దేశాల బొచ్చుతో పుట్టిన హస్కీకి ఈ ఊరి వేసవి నిజమైన శిక్ష. అలాంటి జాతిని ఏసీ లేని ఇంటికి తేవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. 105 దాటి, తూలుతూ, చిగుళ్లు ముదురు ఎరుపెక్కితే వడదెబ్బ. ముందు మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లడం దాని ప్రాణం కాపాడుతుంది.

టీకా వేయించిన కుక్క కరిస్తే

"మన కుక్కే కదా", "పిల్లకుక్కే కదా" అన్న ఈ రెండు మాటలు ప్రాణాల మీదికి తెస్తాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. పన్నెండు వారాలు నిండని పిల్లకు రేబిస్ టీకా పడి ఉండదు. ఇంటికి రాకముందు దాన్ని ఏది కరిచిందో మనకు తెలియదు. టీకా పడ్డ కుక్కలోనూ మందు సరిగా పట్టిందో లేదో చెప్పలేం. కాబట్టి కుక్కకు టీకా ఉందన్న ఒక్క కారణంతో మనిషికి వైద్యం మానేయకూడదు.

గాయాన్ని డాక్టర్లు మూడు రకాలుగా చూస్తారు. చర్మం మీద ఎక్కడా గీత లేకుండా నాకితే మొదటి రకం, కడుక్కుంటే చాలు. నెత్తురు రాకుండా గీరితే రెండోది, టీకా కావాలి. నెత్తురు వచ్చినా, పుండు మీద గానీ నోట్లో, కంట్లో గానీ చొంగ పడినా మూడోది, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు ప్రతిరక్షకాలు) కూడా వేయాలి. ఏ రకమైనా మొదట చేసేది సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం పెట్టడం గాయాన్ని రేపుతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే పాత టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా.

మరి "పది రోజులు కుక్కను చూడండి" అన్న మాట ఎక్కడిది? కుక్క, పిల్లి చొంగలోకి రేబిస్ వైరస్ వచ్చేది జబ్బు బయటపడటానికి కొద్ది రోజుల ముందే. జబ్బు బయటపడ్డాక ఆ జంతువు కొద్ది రోజుల్లో చనిపోతుంది. కరిచిన పది రోజుల తర్వాత కూడా అది మామూలుగా తిని తిరుగుతుంటే, కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేదని అర్థం. ఈ నియమాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుని పది రోజులు చూసి, అప్పుడు సూది సంగతి చూద్దామంటారు. నిజానికి సూది కరిచిన రోజే మొదలవుతుంది. సోమవారం కరిస్తే ఆ రోజే మొదటిది, గురువారం రెండోది, పై సోమవారం మూడోది. ఆ గురువారానికి పది రోజులవుతాయి. కుక్క బాగానే ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టర్ నిర్ణయిస్తారు. అప్పటికి వేయించుకున్నవి వృథా కావు, మున్ముందుకు రక్షణగా ఉంటాయి.

కోర్టు ఆదేశాలు ఎవరి గురించి?

2025 ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దని చెప్పి, ఈ వ్యవహారాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదంది. ఈ మూడూ వీధికుక్కల గురించే. ఇంట్లో పెంచే కుక్కను లాక్కుపొమ్మని వీటిలో లేదు. కాకపోతే బెల్టు లేకుండా రోడ్డు మీద తిరిగే కుక్క పట్టేవాళ్ల కంటికి వీధికుక్కే.

పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతులపై నిషేధం ఉందన్న ప్రచారమూ ఇంకా ఆగలేదు. 2024 మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకు అలాంటి లేఖ రాసిన మాట నిజం. సంబంధితులతో చర్చించకుండా ఇచ్చారంటూ ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది.

అపార్ట్‌మెంట్ల విషయంలో జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు కుక్కను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని వాటి సారం. దీన్ని చూపించి గొడవకు దిగేవాళ్లున్నారు. ఎదుటివాళ్ల పక్షాన కూడా న్యాయం ఉంది. కుక్కంటే వణికే పిల్లలు, రాత్రి మొరుగుడుకు నిద్రపట్టని వృద్ధులు, మెట్ల మీద మలం తొక్కిన పనిమనిషి చెప్పేది కల్పన కాదు. చట్టం కూడా పెంచేవాళ్ల వైపే లేదు. తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఆపరేషన్ ఎప్పుడు?

ఆడకుక్కకు ఒక్క ఈతన్నా ఈనాక చేయిస్తే ఆరోగ్యమని మన వైపు గట్టి నమ్మకం. దానికి వైద్యపరమైన ఆధారం లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి రావడం మామూలే. నిజమైన చర్చ ఎప్పుడన్నదాని మీదే. చిన్న జాతులకు, నాటు కుక్కలకు ఆరు నెలల వయసులో చేయిస్తుంటారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు ఎదిగేదాకా, అంటే ఏడాది దాటేదాకా ఆగితే కీళ్లకు మంచిదని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. పిల్లుల్లో ఆరు నెలలకే పిల్లలు పుట్టే అవకాశం ఉంది, కాబట్టి అక్కడ ఆలస్యం కుదరదు.

పదేళ్ల లెక్క

కుక్క పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది, ఇంట్లోనే పెరిగే పిల్లి పదిహేనేళ్లు కూడా. ఏడో తరగతి అబ్బాయి పట్టుబట్టి తెప్పించుకున్న పిల్లకు మూడేళ్లు నిండేసరికి వాడు పదో తరగతి రాసి ఇంటర్ హాస్టల్లో చేరతాడు. ఆ తర్వాత ఇంజనీరింగ్, ఆపై హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం. మిగతా ఏడు నుంచి పదేళ్లు కుక్క పని అమ్మానాన్నలదే. పిల్లను తెచ్చే రోజున వాళ్లనెవరూ ఆ మాట అడగరు. ఊరు మారినప్పుడో, మనవడు పుట్టినప్పుడో ఇంట్లో పెరిగిన కుక్కను ఏ కరకట్ట మీదో దింపేసి రావడం ఇలాగే జరుగుతుంది. అన్నం వెతుక్కోవడం, ఇతర కుక్కల మధ్య బతకడం దానికి తెలియవు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడాన్ని నేరమే అంటుంది. ఆ చట్టంలో మొదటిసారి నేరానికి రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు.